డెబ్బై ఏళ్ల కీళ్లను కొలిచేదెలా?

బీపీ ఎంతుందని అడిగితే విశాఖపట్నంలో రిటైరైన ఏ ఉద్యోగైనా తడుముకోకుండా చెబుతాడు. షుగర్ సంగతీ అంతే. పరగడుపున ఎంత, తిన్నాక ఎంత, మూడు నెలల సరాసరి ఎంత, అన్నీ నోటికొచ్చు. అదే మనిషిని కీళ్లవాతం ఎంతుందని అడగండి. ‘ఉందండీ, అలాగే ఉంది’ అన్న మాట తప్ప ఇంకోటి రాదు.

నిజానికి రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే ఈ కీళ్లవాతానికీ కొలత ఉంది. అయితే బీపీలాగా ఒక్క యంత్రం చూపించే అంకె కాదది. డాక్టరు వేళ్లు, రోగి మాట, రక్తపరీక్ష కలిస్తే వచ్చేది. యాభై ఏళ్ల లోపు మనిషిలో ఆ అంకెను చాలావరకు నమ్మొచ్చు. అరవై దాటాక మాత్రం జబ్బుతో సంబంధం లేని సంగతులు కూడా అందులోకి చొరబడతాయి. అప్పుడు అంకె ఎంతో తెలిస్తే చాలదు, అది ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చూడాలి.

ఈ ప్రశ్న విశాఖకు బాగా దగ్గరిది. 1933లో రేవు మొదలైంది. 1941లో సింధియా నౌకా నిర్మాణ కేంద్రానికి పునాది పడింది. ఉక్కు కర్మాగారానికి 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేస్తే, 1992 ఆగస్టు 1న పి.వి.నరసింహారావు దాన్ని జాతికి అంకితం చేశారు. 1980లలో పాతికేళ్ల వయసులో రేవులోనో, ఉక్కులోనో పనికి కుదిరినవాళ్లంతా ఇప్పుడు అరవై దాటారు. ఉక్కునగరంలోని స్టీల్ జనరల్ ఆసుపత్రి, పోర్టువారి గోల్డెన్ జూబ్లీ ఆసుపత్రి, మహారాణిపేటలోని కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) వంటి చోట్ల మందుల చీటీలతో నిలబడే పెద్దల్లో కీళ్ల నొప్పి లేని మనిషిని వెతుక్కోవాల్సిందే. ఆ నొప్పుల్లో ఏది అరుగుదల, ఏది రుమటాయిడ్, అది ఇవాళ ఎంత రగులుతోంది అన్నది తేల్చడమే అసలు పని.

కొలిస్తే ఏమిటి లాభం?

రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో శరీర రక్షణ వ్యవస్థే సొంత కీళ్ల లోపలి పొర మీద దాడి చేస్తుంది. పొర ఉబ్బుతుంది, కీలు మెత్తగా వాస్తుంది. పట్టించుకోకుండా వదిలేస్తే పక్కనున్న ఎముకను తినేస్తుంది. పొద్దున లేచాక గంట గడిచినా వేళ్లు ముడుచుకోకుండా బిగుసుకుపోయి ఉండటం దీని తొలి గుర్తుల్లో ఒకటి. అరుగుదలలో బిగుసుకుపోయినా అరగంటలోపే సర్దుకుంటుంది. ఢిల్లీ దగ్గరి పల్లెల్లో జరిపి 1993లో ప్రచురించిన సర్వే ప్రకారం మన పెద్దవాళ్లలో 0.75 శాతం మందికి ఈ జబ్బు ఉంది. అంటే వెయ్యికి ఏడెనిమిది మంది.

ఒకప్పుడు డాక్టర్లు కూడా చేతులు చూసి, ‘ఫర్వాలేదు, ఇవే మందులు వాడండి’ అని పంపేసేవారు. ఆ అలవాటును కుదిపింది స్కాట్లండ్‌లోని గ్లాస్గో నగరంలో జరిగిన టికోరా అధ్యయనం. 2004లో దాని ఫలితాలు వెలువడ్డాయి. ఒక బృందానికి నెలనెలా జబ్బు ఉధృతిని అంకెల్లో కొలిచి, లక్ష్యం చేరేదాకా మందులు మార్చుతూ పోయారు. రెండో బృందానికి మామూలు వైద్యమే. పద్దెనిమిది నెలలకు మొదటి బృందంలో 65 శాతం మంది రెమిషన్‌కు, అంటే జబ్బు అణగిపోయిన దశకు చేరారు. రెండో బృందంలో చేరింది 16 శాతమే. వాడిన మందులు కొత్తవేమీ కావు. తేడా తెచ్చింది కొలవడం, కొలిచినదాన్ని బట్టి కదలడం. అప్పటి నుంచి లక్ష్యం పెట్టుకుని వైద్యం చేయడం ప్రపంచమంతా పద్ధతయింది.

ఇరవై ఎనిమిది కీళ్ల లెక్క

ఎక్కువగా వాడే కొలత పేరు డాస్‌-28. నెదర్లాండ్స్‌లోని నైమేగన్ పరిశోధకులు దీన్ని 1995లో ఈ రూపానికి తెచ్చారు. రెండు భుజాలు, రెండు మోచేతులు, రెండు మణికట్లు, రెండు మోకాళ్లు, పిడికిలి బిగిస్తే పైకి లేచే పది కణుపులు, వేళ్ల నడిమి కణుపులు పది. బొటనవేలికి ఉన్న ఒక్క కణుపునూ ఈ చివరి పదిలోనే కలుపుతారు. మొత్తం ఇరవై ఎనిమిది. డాక్టరు ఒక్కో కీలును బొటనవేలితో, తన గోరు తెల్లబడేంత గట్టిగా నొక్కుతాడు. నొప్పి పెట్టినవి ఎన్ని, వాచినవి ఎన్ని అని రెండు లెక్కలు వేరువేరుగా రాసుకుంటాడు. దానికి ఈఎస్‌ఆర్ రక్తపరీక్షను, ‘మొత్తం మీద ఎలా ఉంది’ అన్నదానికి రోగి సున్నా నుంచి వంద దాకా చెప్పే అంకెను కలుపుతారు.

కూడిక మాత్రం తిన్నగా ఉండదు. నొప్పి కీళ్ల సంఖ్యకు వర్గమూలం కట్టి 0.56తో, వాపు కీళ్ల సంఖ్యకు వర్గమూలం కట్టి 0.28తో, ఈఎస్‌ఆర్ సహజ సంవర్గమానాన్ని 0.70తో, రోగి చెప్పిన అంకెను 0.014తో గుణించి అన్నీ కలపాలి. ఫలితం 2.6 కంటే తక్కువైతే రెమిషన్. 3.2 వరకు స్వల్పం, 5.1 వరకు మధ్యస్థం, ఆపైన తీవ్రం.

ఈ గుణకాలను ఒకసారి నిదానంగా చూడండి. నాలుగు కీళ్లు నొప్పి పెడితే అంకె 1.12 పెరుగుతుంది. నాలుగు కీళ్లు వాస్తే పెరిగేది 0.56. అంటే నొప్పికి వాపు కంటే రెట్టింపు బరువు. జబ్బు ఎముకను తినే ముప్పుందనడానికి నొప్పి కంటే గట్టి సాక్ష్యం వాపే. నొప్పి సవాలక్ష కారణాలతో వస్తుంది. పెద్ద వయసులో ఆ సవాలక్షా ఒక్కచోటే పోగవుతాయి.

వయసుతో పాటు పెరిగే ఈఎస్‌ఆర్

ఈఎస్‌ఆర్ పరీక్షను స్వీడన్ వైద్యుడు వెస్టర్‌గ్రెన్ 1921లో ప్రామాణిక రూపానికి తెచ్చాడు. పొడవాటి సన్నని గాజు గొట్టంలో రక్తాన్ని నిలబెట్టి, గంటలో ఎర్రకణాలు ఎన్ని మిల్లీమీటర్లు కిందికి దిగాయో చూస్తారు. ఒంట్లో వాపు ప్రక్రియ ఉంటే కాలేయం ఫైబ్రినోజెన్ అనే ప్రొటీన్‌ను ఎక్కువగా వదులుతుంది. అప్పుడు ఎర్రకణాలు నాణేల దొంతరల్లా ఒకదానికొకటి అతుక్కుని బరువెక్కి త్వరగా దిగిపోతాయి.

త్వరగా దిగడానికి కారణం వాపు ఒక్కటే కాదు. రక్తహీనత ఉన్నా, మూత్రపిండాలు బలహీనపడినా, ఒళ్లు పెరిగినా, ఎక్కడో చిన్న ఇన్‌ఫెక్షన్ దాగున్నా ఈఎస్‌ఆర్ పెరుగుతుంది. అసలు వయసే దాన్ని పెంచుతుంది. డాక్టర్లు గుర్తుపెట్టుకునే సులువైన సూత్రం ఒకటుంది. మగవాళ్లకు వయసులో సగం వరకు, ఆడవాళ్లకు వయసుకు పది కలిపి అందులో సగం వరకు మామూలే అనుకోవచ్చు. ఆ లెక్కన డెబ్బై ఏళ్ల స్త్రీకి 40 దాకా ఉన్నా కంగారు పడనక్కర్లేదు. ల్యాబ్ రిపోర్టులో మాత్రం 20 దాటగానే ముద్దక్షరాలు పడతాయి.

ఇది లెక్కను ఎలా తిప్పేస్తుందో చూడటానికి గాజువాకలో డెబ్బై ఏళ్ల పెద్దావిడను, ఆమెకు ముప్పై అయిదేళ్ల కూతురిని ఊహించుకుందాం. ఇద్దరికీ ఈ జబ్బే. ఇద్దరికీ ఒక్క కీలూ నొప్పి లేదు, వాపు లేదు. ఎలా ఉందంటే ఇద్దరూ వందకు 20 అన్నారు. కూతురి ఈఎస్‌ఆర్ 12, తల్లిది 40. కూతురి డాస్ 2.02, రెమిషన్. తల్లి డాస్ 2.86, రెమిషన్ కాదు. పెద్దావిడ అంకెలో 2.58 ఒక్క ఈఎస్‌ఆర్ నుంచే వచ్చింది. కీళ్లలో జబ్బు సున్నా అయినా ఆమె రెమిషన్ గీత కిందికి రాలేదు. ఈ అంకెనొక్కదాన్నే నమ్మి మందు పెంచితే వయసుకు మందు వేసినట్టే.

మోకాళ్లు కలగజేసుకుంటే

ఇప్పుడు అదే పెద్దావిడకు రెండు మోకాళ్లూ అరిగాయనుకుందాం. నొక్కితే నొప్పి, వాపు లేదు. నడుం నొప్పి కూడా తోడై వందకు 50 అన్నది. డాస్ 4.07కు ఎగబాకింది. పుస్తకం ప్రకారం అది మధ్యస్థ ఉధృతి, మందు మార్చాల్సిన దశ. ఆమె రుమటాయిడ్ మాత్రం ఒక్క మెట్టు కూడా పెరగలేదు.

ఇలాంటి చోట ఆదుకునేది సీడీఏఐ అనే కొలత. వియన్నా వైద్యులు దీన్ని 2005లో ప్రచురించారు. ఇందులో రక్తపరీక్ష లేదు, వర్గమూలం లేదు. నొప్పి కీళ్లు, వాపు కీళ్లు, పదికి రోగి ఇచ్చిన అంకె, పదికి డాక్టరు ఇచ్చిన అంకె, ఈ నాలుగూ కూడటమే. 2.8 వరకు రెమిషన్, 10 వరకు స్వల్పం, 22 వరకు మధ్యస్థం, ఆపైన తీవ్రం. మోకాళ్లు అరిగిన పెద్దావిడకు రెండు నొప్పి కీళ్లు, సున్నా వాపు, ఆమె చెప్పిన 5, డాక్టరు చెప్పిన 1 కలిపితే 8. స్వల్పమే. మోకాళ్లు బాగున్నప్పుడు డాక్టరు సున్నా ఇచ్చాడనుకుని లెక్క తీస్తే 2. అంటే రెమిషనే. రద్దీ ఓపీలో ల్యాబ్ రిపోర్టు కోసం ఎదురుచూడకుండా వేళ్లమీద వేసుకోగల లెక్క కావడం దీనికున్న మరో లాభం.

అలాగని సీడీఏఐ మచ్చలేనిదని కాదు. రోగి చెప్పే అంకె అందులోనూ ఉంది. నిద్ర పట్టకపోయినా, దిగులుగా ఉన్నా, పిల్లలు దూరదేశంలో ఉన్నా ఆ అంకె పెరుగుతుంది. అంతర్జాతీయ సంఘాలు 2011లో పెట్టిన రెమిషన్ నియమం ప్రకారం పదికి ఒకటి మించి చెప్పకూడదు. అది మరీ కఠినమైన పరిమితి అని చాలామంది వాదించారు. 2022లో ఆ పరిమితిని రెండుకు సడలించారు.

అడిగే తీరును బట్టి కూడా అంకె మారిపోతుంది. గీత గీసి ‘సున్నా నుంచి వంద దాకా ఎక్కడో గుర్తు పెట్టండి’ అంటే చదువుకోని పెద్దలకు తోచదు. అందుకే మన దగ్గర డాక్టర్లు రూపాయిని తెస్తారు. ‘అమ్మా, రూపాయికి ఎంత తగ్గింది?’ అంటే ‘ముప్పావలా తగ్గింది బాబూ’ అని వెంటనే జవాబొస్తుంది. కానీ ఇక్కడొక చిక్కుంది. ఎంత తగ్గిందని అడగడం గతంతో పోలిక. కొలతకు కావలసింది ఇవాళ్టి స్థితి. ‘ఇవాళ రూపాయిలో ఎంత బాధ ఉంది?’ అని అడగాలి. ‘అందులో వేళ్లది ఎంత, మోకాళ్లది ఎంత?’ అని రెండో ప్రశ్న వేస్తే సగం గందరగోళం అక్కడే తేలిపోతుంది.

కొలతకు దొరకని జబ్బు

ఇంతవరకు చూసింది లేని జబ్బు ఉన్నట్టు కనిపించడం. ఉన్న జబ్బు లేనట్టు కనిపించడం ఇంకా ప్రమాదం. ఇరవై ఎనిమిది కీళ్లలో చీలమండలు, పాదాల వేళ్లు లేవు. జబ్బంతా పాదాల్లోనే రగులుతుంటే డాస్ ప్రశాంతంగా ఉంటుంది. చెప్పు విప్పించి పాదం ముందు భాగాన్ని అటూ ఇటూ నొక్కి చూడని పరీక్ష అసంపూర్ణం.

కొన్ని మందులు కూడా అంకెను మభ్యపెడతాయి. వాపును రగిలించే ఇంటర్‌ల్యూకిన్‌-6 అనే ప్రొటీన్‌ను అడ్డుకునే టోసిలిజుమాబ్ ఇంజెక్షన్ తీసుకుంటే కీళ్లు ఎలా ఉన్నా ఈఎస్‌ఆర్, వాపును చూపే మరో రక్తపరీక్ష సీఆర్‌పీ పడిపోతాయి. నాలుగు కీళ్లు వాచి, రెండు నొప్పి పెడుతూ, రోగి వందకు 30 చెప్పినా, ఈఎస్‌ఆర్ 4 ఉంటే డాస్ 2.74 దగ్గరే ఆగుతుంది. స్వల్పం అని రాస్తారు. డాక్టరు పదికి 3 ఇచ్చాడనుకుంటే అదే మనిషికి సీడీఏఐ 12, మధ్యస్థం.

ముసలితనంలో జబ్బు రూపం మారడం మరో మెలిక. అరవై దాటాక మొదలయ్యే రుమటాయిడ్ తరచుగా హఠాత్తుగా, భుజాల వంటి పెద్ద కీళ్లతో మొదలవుతుంది. వయసులో ఉన్నవాళ్లలో ఆడవాళ్లదే పెద్ద వంతయితే, ఇక్కడ మగవాళ్ల సంఖ్యా పెరుగుతుంది. చేయి ఎత్తి తల దువ్వుకోలేకపోతే పాలీమయాల్జియా రుమాటికా అనే వేరే జబ్బు అనిపించొచ్చు. గౌట్, కీళ్లలో కాల్షియం స్ఫటికాలు పేరుకునే జబ్బు కూడా ఇదే వేషంలో వస్తాయి. 2006లో రాష్ట్రాన్ని చుట్టేసిన చికున్‌గన్యా ఎందరికో నెలల తరబడి, కొందరికి ఏళ్ల తరబడి రుమటాయిడ్‌ను పోలిన కీళ్లవాపును మిగిల్చిపోయింది. గోరు పక్కనున్న చివరి కణుపు దగ్గర గట్టి బుడిపెలుంటే అది సాధారణంగా అరుగుదల. డాస్ ఆ కణుపును లెక్కలోకి తీసుకోకపోవడం పెద్దలకు ఒకరకంగా మేలే.

ఆర్‌ఏ ఫ్యాక్టర్ సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ప్రతి మూడు నెలలకూ ఆ పరీక్ష చేయించుకుని, పెరిగిందా తగ్గిందా అని బెంగపడేవాళ్లు చాలామంది. అది జబ్బును గుర్తించడానికి సాయపడే పరీక్ష, ఉధృతిని కొలిచేది కాదు. జబ్బేమీ లేని వృద్ధుల్లోనూ కొందరికి పాజిటివ్ వస్తుంది. గుర్తించే విషయంలో యాంటీ సీసీపీ అనే రక్తపరీక్ష దానికంటే నమ్మకమైనది.

జబ్బును గుర్తించడానికి రోగచరిత్ర కూడా ఆధారమే. జబ్బు రావడానికి దోహదం చేసేవాటిలో పొగ ముఖ్యమైంది. ఉత్తరాంధ్ర తీరంలో చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీల్చే అలవాటు పెద్దతరం ఆడవాళ్లలోనూ ఉంది. సిలికా ధూళి కూడా అనుమానితుల జాబితాలో ఉంది. ధూళి పీల్చేవాళ్లు పొగ కూడా తాగితే యాంటీ సీసీపీ ఉన్న రుమటాయిడ్ ముప్పు మరింత పెరుగుతుందని స్వీడన్ పరిశోధనలు చూపాయి. పెద్దాయన చేసిన పనేమిటో, తాగిన పొగ ఎంతో రోగచరిత్రలో రాయాల్సిన విషయాలే.

కింద కూర్చోగలరా?

పెద్దవాళ్లకు చివరికి కావలసింది అంకె తగ్గడం కాదు, తమ పనులు తాము చేసుకోవడం. దాన్ని కొలిచే ప్రశ్నావళి 1980లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో పుట్టింది. మన జీవితానికి అది సరిపోదని గ్రహించి మన దేశ వైద్యులు 2002లో భారతీయ రూపం ప్రచురించారు. చీరో పంచో కట్టుకోగలరా, బాసిపట్లు వేసుకుని కింద కూర్చోగలరా, ఆటో ఎక్కి దిగగలరా, కూరగాయల బజారుకు వెళ్లి రాగలరా, కుళాయి తిప్పగలరా వంటి పన్నెండు ప్రశ్నలు అందులో ఉన్నాయి. సీతమ్మధార రైతుబజారుకు వెళ్లి సంచీ మోసుకురావడం ఇక్కడ వైద్య సమాచారమే.

అయితే దీనిలోనూ జాగ్రత్త కావాలి. పాతికేళ్లుగా జబ్బుతో ఉన్న మనిషి వేళ్లు ఇప్పటికే వంకరపోయి ఉంటే కుళాయి తిప్పలేకపోవడం నిన్నటి నష్టం, నేటి మంట కాదు. దానికి మందు పెంచినా వేలు తిన్నబడదు. వ్యాయామం, పట్టుకునే వస్తువులు మార్చడం, అవసరమైతే శస్త్రచికిత్స ఉపయోగపడతాయి.

కీలులో ఇంకా మంట ఉందా లేదా అన్న అనుమానం తీరకపోతే అల్ట్రాసౌండ్ ఉంది. పొర ఉబ్బిందా, అందులో రక్తప్రవాహం పెరిగిందా అన్నది డాప్లర్ స్కాన్‌లో కనిపిస్తుంది. కానీ అందరికీ ప్రతిసారీ తీయాల్సిన పని లేదు. నార్వేలో జరిగి 2016లో వెలువడిన ఆర్కిటిక్ అధ్యయనంలో, అల్ట్రాసౌండ్ చూసి వైద్యం చేసినవాళ్లు చేతిపరీక్షతో చేసినవాళ్ల కంటే మెరుగేమీ కాలేదు. చేతిపరీక్షలో తేలనప్పుడు అడిగే రెండో అభిప్రాయంగా అది పనికొస్తుంది.

తప్పు కొలతకు మూల్యం

అంకె తప్పయితే ఏమవుతుంది? ఎక్కువగా చూపిస్తే మందు పెరుగుతుంది. పెద్ద వయసులో మందు ఊరికే రాదు. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారి వేసుకోవాల్సిన మాత్ర. మూత్రపిండాలు నెమ్మదించిన మనిషిలో మోతాదు పెంచే ముందు క్రియాటినిన్ చూడాలి. అరవై అయిదు దాటిన 451 మంది మీద యూరప్‌లో జరిగిన గ్లోరియా అధ్యయనం 2022లో వెలువడింది. రోజుకు 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ రెండేళ్లు ఇస్తే జబ్బు ఉధృతి, కీళ్ల నష్టం తగ్గాయి. ఇన్‌ఫెక్షన్ల వంటి దుష్ఫలితాలు మాత్రం పెరిగాయి. గుండె జబ్బు ముప్పున్న యాభై దాటినవాళ్లలో టోఫాసిటినిబ్ మాత్ర, టీఎన్‌ఎఫ్ అనే మరో వాపు ప్రొటీన్‌ను అడ్డుకునే ఇంజెక్షన్ల కంటే గుండెపోటు, క్యాన్సర్ వంటివాటిని ఎక్కువగా తెచ్చిందని అదే ఏడాది మరో పెద్ద అధ్యయనం చెప్పింది.

తక్కువగా చూపిస్తే ఇంకో నష్టం. ‘వయసు మీద పడింది, ఇంతేలే’ అని వదిలేస్తే కీలు చెడుతుంది, కండ కరుగుతుంది, మనిషి మంచానికి దగ్గరవుతాడు. అణగని వాపు గుండెజబ్బు ముప్పునూ పెంచుతుంది. అందుకే పెద్దలకు మందు తక్కువగా ఇవ్వడమే దయ అనుకోవడం పొరపాటు. చాలాకాలంగా జబ్బున్నవాళ్లకు, వేరే జబ్బులు కూడా ఉన్నవాళ్లకు పూర్తి రెమిషన్ బదులు స్వల్ప ఉధృతిని లక్ష్యంగా పెట్టుకోవచ్చని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. లక్ష్యాన్ని మనిషికి తగ్గట్టు పెట్టుకోవచ్చు. లక్ష్యమే లేకపోతే మాత్రం కుదరదు.

ఇంట్లోవాళ్లు చేయగలిగిందీ ఉంది. పొద్దున బిగుసుకుపోవడం ఎంతసేపు ఉందో వారానికి ఒకసారి రాయండి. కీలు వాచినప్పుడు ఫోనులో ఫొటో తీయండి. ఆసుపత్రికి వెళ్లే రోజుకు ఆ వాపు ఉండకపోవచ్చు. ఈఎస్‌ఆర్ ఎప్పుడూ ఒకే ల్యాబ్‌లో చేయించండి, దాంతోపాటు హిమోగ్లోబిన్ కూడా చూపించండి. జ్వరం, మూత్రంలో మంట, పంటినొప్పి ఉంటే చెప్పండి, ఈఎస్‌ఆర్ వాటివల్ల కూడా పెరుగుతుంది. ఊళ్లో ఎవరైనా వేసిన నొప్పి ఇంజెక్షన్‌ను దాచకండి. అది స్టెరాయిడ్ అయితే ఆ రోజు కొలత మొత్తం తారుమారవుతుంది.

డాక్టరును అడగాల్సిన ప్రశ్నలు మూడు. ఈసారి అంకె ఎంత? కిందటిసారి కంటే పెరిగితే అందులో ఏ భాగం పెరిగింది? అది రుమటాయిడ్ వల్లా, వేరేదాని వల్లా? మూడో ప్రశ్నకు జవాబు దొరికాకే మందు పెంచాలా, మోకాలికి వ్యాయామం చెప్పాలా, రక్తహీనతకు ఐరన్ ఇవ్వాలా అన్నది తేలుతుంది. ఈ మూడింటిలో ఏది చేసినా పెద్దావిడ డాస్ తగ్గొచ్చు. కానీ ఆమెకు అవసరమైనది వాటిలో ఒక్కటే కావచ్చు.